తీర్థన్ నదీతీరమున వసంతము

హిమాచల ప్రదేశమందలి కులూ జిల్లాలో తీర్థన్ అను చిన్న నది గలదు. గోదావరీ కృష్ణలను జూచి పెరిగిన మన కన్నుల కది నదివలె గాక పెద్ద వాగువలె దోచును. మంచుకొండలలో బుట్టి, దేవదారు వృక్షముల నడుమ బండలపై దుముకుచు వచ్చి, లార్జి కడ సైంజ్ నదితోపాటు బియాస్ నదిలో గలియును. ఈ బియాసే మన పురాణములలోని విపాశ. పుత్రశోకముచే వసిష్ఠుడు తన్ను తాళ్లతో బంధించుకొని యందు దుమికెననియు, నది యా పాశములను విప్పి యాతని నొడ్డునకు జేర్చెననియు భారతకథ.

2023 ఏప్రిల్ తుదివారమున, బడికి వేసవి సెలవు లియ్యగనే, మావారితోను పిల్లలతోను మేము విజయవాడనుండి ఢిల్లీకి రైలులోను, అచ్చటనుండి ఔట్ వరకు బస్సులోను బోయితిమి. బంజారు దాటి సుమారు 10 కిలోమీటర్లు పోయిన గుషైణీ యను గ్రామము వచ్చును. ఏటి కిరుప్రక్కల ఆపిల్ తోటలలో పూలు రాలి పిందెలు గట్టుచుండెను. ఇచ్చటికి ఎగువనున్న కొండలలో గ్రేట్ హిమాలయన్ జాతీయవనము గలదు. ఆ వనము 1999లో బ్రకటింపబడి, 2014లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో జేరినది.

ఈ యేటికి ట్రౌటు అను చేపలవలన బేరు వచ్చినది. ఒడలంతయు నలుపు, ఎరుపు చుక్కలు గల యీ బ్రౌన్ ట్రౌటు మన దేశపు చేప గాదు. ఐరోపా ఖండమునుండి దెచ్చిన గ్రుడ్లను ఆంగ్లేయుల కాలమున మొదట కాశ్మీరమునందు బొదిగించిరి. 1909లో కులూ లోయకు దెచ్చిరి. చల్లగాను, నిర్మలముగాను ఉన్న నీటిలో దప్ప నిది బ్రదుకజాలదు. శీతకాలమున గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును గనుక, నవంబరునుండి ఫిబ్రవరి వరకు వేట నిషిద్ధము. మార్చిలో వేట మొదలగును. మత్స్యశాఖవారి యనుమతిపత్రము లేక ఎవ్వరును గాలము వేయరాదు.

వసంతమున నీ యేటికి ప్రతిదినమును రెండు రూపములు. ఉదయమున నీరు పచ్చరాతివలె దేరి, అడుగుననున్న గులకరా ళ్లన్నియు గానవచ్చును. ఎండ యెక్కినకొలది పైకొండలలో మంచు కరగి, మధ్యాహ్నమునకు నీరు పెరిగి బియ్యపు కడుగువలె దెల్లబడును. కావున వేటకాండ్రు ప్రాతఃకాలముననే వత్తురు. చేప యేటి నడుమ నెదురీదుచు బలము వ్యర్థపరచుకొనదు. బండచాటున మందముగా దిరుగు నీటిలో నిలిచి, ప్రక్కనున్న ఒరవడిలో గొట్టుకొనివచ్చు పురుగులకై కాచియుండును. అమెరికాలో నిట్లే పట్టు బాస్ అను చేపకు నీరు కొంత వెచ్చబడినగాని చురుకు రాదట. ట్రౌటు మంచునీటిలోనే యాకలిగొనును.

ఈ వేటలో వానపాము మొదలగు ఎరలు లేవు. చిన్న గాలమునకు ఈకలను, దారమును జుట్టి ఈగవలె జేయుదురు. దూది పింజవలె దేలికైన యీ ఈగ దూరము పోవుటకు దానికి బరువు లేదు. బరువంతయు దారమునందే యుండును. కర్రను వెనుకకును ముందునకును ఊపగా దారము గాలిలో బారలు సాగి, ఈగను నీటిపై మెల్లగా దింపును. దారపు నీడ పడినను, ఈగ ప్రవాహమున కడ్డముగా లాగబడినను చేప మోసపోదు.

ఆ యూరి యువకుడొకడు మా యెదుట జానెడు చేపను బట్టెను. మా చిన్నమ్మాయి కన్నుల నీరు బెట్టుకొని "అమ్మా, దానికి నొప్పి కాదా?" యని యడిగెను. ఆ యువకుడు చేతులు తడిపికొని, గాలమునకు ముల్లు లేకుండ నొక్కివేసినట్లు చూపి, చేప నొక్క క్షణమున విడిపించి నీటిలో విడిచెను. పొడిచేతులతో బట్టిన దాని యొడలి జిగురు పోవుననియు, చిన్నచేపల నుంచుకొనుట చట్టవిరుద్ధమనియు జెప్పెను. ఐనను బిడ్డ ప్రశ్న తీరలేదు. విడిచినంతమాత్రమున వినోదము దయ యగునా? కాదనియే మా యభిప్రాయము. మేము గాలము ముట్టలేదు.

కాని మరునా డొక నీటి తిరుగలి కడ గూర్చున్న వృద్ధురాలి మాటలు మమ్ము ఆలోచింపజేసినవి. మేము హిందీ పరీక్షలకు జదివియుండుటచే నామె మాట కొంత తెలిసినది. "బిడ్డా, ఏరు పారుచున్నది గనుక నా తిరుగలి తిరుగుచున్నది. ఏటిని గొట్టములలో బెట్టిన మా పొలములకేమి, తిరుగళ్లకేమి మిగులును?" అని యామె యనెను. ఈ యేటిపై జలవిద్యుత్ కేంద్రములు గట్ట నుద్దేశింపగా, గ్రామస్థులును, మాజీ శాసనసభ్యులగు దిలేరామ్ శబాబ్ గారును బోరాడి యా పథకములను నిలిపివేయించిరి. ఏటి నట్లే విడువవలెనను వాదమునకు ట్రౌటు చేపలును బలమైనవి. క్రింద లార్జి కడ బియాస్ నదికి 126 మెగావాట్ల విద్యుత్కేంద్రపు టానకట్ట గలదు. ఎగువ తీర్థన్ మాత్రము స్వేచ్ఛగా బారుచున్నది.

పరదేశపు చేప పదుగురి యేటిని గాచుటకు దోడ్పడిన దన్నమాట. ఇందు గూడ నొక చిక్కు గలదు. హిమాలయనదులలో అనాదిగా నున్న స్నో ట్రౌటు అను వేరొక చేప గలదు. పేరు ట్రౌటైనను వంశమున నది మన కార్పు చేపలకు జుట్టము. వచ్చిన చేప వేటాడి బ్రదుకునది. అతిథిని గౌరవించుచు ఇంటివారిని మరువరాదు గదా!

సోదరీమణులెవరైన నచ్చటికి బోదురేని ప్రొద్దుటిపూట నొక గడియ ఏటి కెదురుగా గూర్చుండుడు. బండచాటున నీడవలె గదలు చేప కనబడును. తినుబండారముల సంచులను ఏటిలో బారవేయకుడు. చేపకు విడుదల ఒక్క క్షణపు పని. నదిని బంధింపకుండ గాచుకొనుటకు మాత్ర మొక యూరంతయు నేండ్లతరబడి నిలువవలసివచ్చినది. విపాశ యను పేరునకు దగిన కార్యమన నదియే.