ఒలికిన తేనీరు

అదృష్టవంతుణ్ణి చెరిపేవారు లేరు, దురదృష్టవంతుణ్ణి బాగుచేసేవారు లేరు అంటారు పెద్దలు. ఆ చెరుపు అక్షరాలా కాగితం మీద జరగడం నేను ప్రొద్దుటూరులోని ఒక కార్యాలయంలో చూచాను.

నలభై ఏండ్ల నాటి మాట. ఏదో పనిమీద వెళ్ళి వరుసలో నిలుచున్నాను. నా ముందు జమ్మలమడుగు నుండి వచ్చిన ఒక నేతపనివారున్నారు. కుమారుని విద్యార్థి వేతనం కొరకు దరఖాస్తు తెచ్చారు. ఆ బాలుడు మేనమామ ఇంట ఉండి పులివెందులలో చదివినందున, అక్కడి ప్రధానోపాధ్యాయులిచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం దానికి జతపరచి బల్లపై ఉంచారు. అంతలో తేనీరు వచ్చింది. బల్లపై చోటు లేక ఒక గ్లాసును ఫైళ్ళ కట్టపై నిలిపారు. గుమాస్తా అడుగు ఫైలును లాగగానే గ్లాసు ఒరిగి, తేనీరంతా ఆ ధ్రువపత్రంపై పడింది. తొందరలో రుద్దిన గుడ్డ తడితోపాటు తేదీనీ తుడిచివేసింది.

"పోనీలే పెద్దాయనా, ఇంకొకటి తెచ్చుకో" అన్నారు గుమాస్తా.

"గడువు ఎల్లుండే గదా సారూ" అన్నారాయన, కాగితం వైపే చూస్తూ.

విచిత్రమేమనగా, తేదీ పోయినా సంతకం చెక్కుచెదరలేదు. తేదీ వ్రాసినది నీటిలో కరిగే నీలిసిరా. సంతకం చేసినది బ్లూబ్లాక్ సిరా. రెండవదానిలోని ఇనుప లవణం ఆరిన పిమ్మట నీటికి కరగక కాగితాన్ని పట్టుకొంటుంది. మన పూర్వులు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచినదీ ఈ గుణం కొరకే. కరక్కాయలోని ఒగరూ, తేనీటిలోని ఒగరూ ఒక జాతివే!

గడువునాడు, నా పని ఇంకను తెమలనందున, నేను మరల అక్కడికి వెళ్ళాను. ఆయనా వచ్చారు, కొత్త పత్రంతో. పులివెందుల పాఠశాల ప్రవేశ రిజిస్టరులో తేదీ భద్రంగా ఉన్నదట. దరఖాస్తు నిలిచింది, కాని బస్సు ఖర్చులకు తోడు రెండు దినాలు మగ్గం ఆగింది. కార్యాలయానికి పోయినది ఒక గ్లాసు తేనీరు మాత్రమే.

2011లో మీసేవ వచ్చిన తరువాత అనేక ధ్రువపత్రాలు కంప్యూటరు నుండి వెలువడుతున్నాయి. అయినను ముద్రణ యంత్రాల సిరాలలో నీటికి చెదరేవి నేటికీ ఉన్నాయి; చక్కెర తేనీరు కీబోర్డులోనికి దిగితే మీటలు అంటుకొంటాయి. తడిసిన కాగితాన్ని రుద్దరాదు. అద్దుడు కాగితంతో మెల్లగా అద్ది నీడన ఆరబెట్టాలి. ముఖ్యమైన ప్రతి పత్రానికీ మరొకచోట ఒక నకలు ఉండాలి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో పలువురు అట్టి బల్లల వెనుక కూర్చుంటారు. తేనీరు త్రాగవద్దని ఎవరంటారు? గ్లాసుకు వేరొక చిన్న పీట వేయించండి. మీ బల్లపై ఉన్న కాగితం కొరకు ఎవరో మగ్గం ఆపి వచ్చి ఉంటారు.