చీటీలు వేసిన చేను

తుక్కుగూడలో 'ప్లాటు' అంటే అర్థం ఒక్కటే. శ్రీశైలం రహదారికి అటూ ఇటూ ఏ బోర్డు చూసినా అదే మాట. రెండొందల గజాలు, తూర్పు ముఖం, ఎయిర్‌పోర్టుకి ఇన్ని నిమిషాలు... 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలై, ఔటర్ రింగ్ రోడ్డు కూడా వచ్చాక ఇక్కడి ఎర్రచెలకలు ఎకరాల లెక్క మానేసి గజాల లెక్కలోకి దిగిపోయాయి. పక్కనే రావిర్యాలలో 2006లో చిప్‌లు తయారుచేస్తామంటూ ఫ్యాబ్ సిటీకి ముహూర్తం పెట్టారు. చిప్‌లైతే రాలేదుగానీ తర్వాత ఆ స్థలంలోకి సోలార్ పలకల కర్మాగారాలు వచ్చాయి.

ఇక్కణ్నుంచి ఔటర్ ఎక్కి, దిగుతున్న విమానాలు చూసుకుంటూ పెద్ద గోల్కొండ, శంషాబాద్ దాటితే రాజేంద్రనగర్. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ, వరి పరిశోధన సంస్థలోనూ కూడా రోజంతా వినిపించే మాట ప్లాటే! కాకపోతే దాని సైజు పది ఇరవై చదరపు మీటర్లు. గజాల్లో చెప్పాలంటే పాతిక కూడా ఉండదు. దానికి తూర్పు, పడమర చూడరు. ఏ ప్లాటు ఎవరికన్నది చీటీలు వేసి తేలుస్తారు.

చేనుకి చీటీలేంటి అంటారా? అక్కడే ఉంది అసలు సంగతి.

అయిదు రకాల వరి వంగడాలున్నాయి అనుకుందాం. ఏది ఎక్కువ పండుతుందో తెలియాలి. ఒక్కోదాన్ని ఒక్కో మడిలో వేసి, కోసి, తూకం వేస్తే సరిపోదూ? సరిపోదు. నీళ్లు వచ్చే వైపు మడి ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. చివరి మడికి అందేసరికి తడి సగమవుతుంది. ఒక మూల చౌడు, ఇంకో మూల గతేడాది పశువుల పెంట కుప్ప పోసిన చోటు. కంటికి ఒకటే చేను, పంటకి మాత్రం పది చేలు. అలాంటప్పుడు ఎక్కువ పండింది విత్తనం గొప్పా, నేల గొప్పా? ఒకే మడి చూసినవాళ్లెవరూ చెప్పలేరు.

రోడ్డు పక్కన కంపెనీ బోర్డు పెట్టిన ప్రదర్శన చేను చూసి విత్తనాలు కొనే రైతుకి ఎదురయ్యే చిక్కు కూడా ఇదే. ఆ చేను బాగుందన్నది అబద్ధం కాదు. ఎందుకు బాగుందో మాత్రం ఆ బోర్డు చెప్పదు. పొరపాటు తెలిసేసరికి సీజన్ అయిపోతుంది, అప్పు మిగులుతుంది.

ఈ చిక్కుముడి విప్పినవాడు రోనాల్డ్ ఫిషర్. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో 1843 నుంచీ ఎరువుల ప్రయోగాలు జరుగుతున్నాయి. పోగుపడ్డ లెక్కల్ని తేల్చడానికి 1919లో ఆయన్ని పిలిచారు. లెక్కలు తవ్విన కొద్దీ ఆయనకి అర్థమైందేంటంటే, చాలా ప్రశ్నలకి జవాబు ఆ కాగితాల్లో లేదు. విత్తనం నాటకముందే చేనుని సరిగ్గా ఏర్పాటు చేస్తేనే జవాబు దొరుకుతుంది. 1935లో ఆయన రాసిన 'ద డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్' పుస్తకం నుంచే ఇది ఒక శాస్త్రంగా నిలబడింది. 1938లో కోల్‌కతాలో జరిగిన గణాంక శాస్త్రవేత్తల సభలో కూడా ఆయన దాదాపు ఇదే హెచ్చరించారు. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్త దగ్గరికి వెళ్తే, ఆయన చేయగలిగింది శవపరీక్షేనట!

రాజేంద్రనగర్‌లో చేసేది సరిగ్గా ఆ ముందు ఏర్పాటే. చేనుని ముందు నేల తీరునిబట్టి బ్లాకులుగా విడగొడతారు. నీళ్ల వైపున్న పట్టీ ఒక బ్లాకు, దాని తర్వాతది ఇంకోటి... ఇలా నాలుగు. ప్రతి బ్లాకులోనూ అయిదు వంగడాలూ ఉంటాయి. ఏది ఏ ప్లాటులో అన్నది మాత్రం చీటీ చెప్పాలి. పూర్వం నిజంగానే చీటీలు తీసేవారు, తర్వాత యాదృచ్ఛిక అంకెల పట్టికలు, ఇప్పుడు కంప్యూటర్. శాస్త్రవేత్తకి ముద్దొచ్చిన వంగడం మంచి మడిలోకి తెలియకుండానే జారిపోకుండా ఇది కాపలా అన్నమాట. వ్యవసాయ డిగ్రీ చదివిన ఎవర్ని అడిగినా 'ఆర్‌బీడీ' అని ఠక్కున చెబుతారు. పరీక్షల్లో దాన్ని బట్టీపట్టినవాళ్లే ఎక్కువనుకోండి!

ఇందులోనూ ఎన్నో తిరకాసులు. గట్టు పక్క వరసలకి గాలీ వెలుతురూ ఎక్కువ కాబట్టి అవి ఏపుగా పెరుగుతాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా లోపలి పంటనే తూస్తారు. నీటి తడుల మీద ప్రయోగమైతే మరీ కష్టం. చిన్న ప్లాటులో పెట్టిన నీళ్లు పక్కదాంట్లోకి ఊరిపోతాయి. అందుకని తడులకి పెద్ద మడులు, వాటిలోపల ఎరువుల మోతాదులకి చిన్న ప్లాట్లు... 'స్ప్లిట్ ప్లాట్' అంటే ఇదే.

చివర్లో 'సీడీ' అని ఒక అంకె వస్తుంది. సినిమా సీడీ కాదు, క్రిటికల్ డిఫరెన్స్. ఒక రకం ఎకరాకి 28 బస్తాలు, ఇంకోటి 30 పండింది, సీడీ 3 బస్తాలు వచ్చింది అనుకోండి. రెండు బస్తాల తేడా నేల వల్లో, అదృష్టం వల్లో కూడా రావచ్చు. కాబట్టి రెండోది గొప్పదని చెప్పడానికి ఆధారం లేదు. రైతుకి ఇంతకంటే పనికొచ్చే మాట ఏముంటుంది? ఆ రెండు బస్తాల ఆశతోనే కదా, విత్తనానికి రెట్టింపు ధర పెట్టేది!

అయితే ఒక్క రాజేంద్రనగర్‌లో గెలిస్తే చాలదు. 1965లో ఇక్కడే మొదలైన అఖిల భారత వరి సమన్వయ పథకం కింద కొత్త వంగడాల్ని దేశమంతటా వందకు పైగా చోట్ల ఇలాగే పరీక్షిస్తారు. మన ఇళ్లలో ఉడికే సాంబ మసూరి కథ చూడండి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఈ బీపీటీ 5204కి రుచి ఉందిగానీ, బాక్టీరియా ఆకు ఎండు తెగులుని తట్టుకునే శక్తి లేదు. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి సంస్థ కలిసి దానికి మూడు నిరోధక జన్యువుల్ని జోడించాయి. తెగులు తగ్గిందని చూపడం ఒక ఎత్తు. దిగుబడీ గింజ నాణ్యతా పాత సాంబ మసూరికి తీసిపోలేదని చూపడం మరో ఎత్తు. చీటీలు వేసిన ప్లాట్లలో పక్కపక్కనే పండిస్తేనే అది తేలుతుంది. 2008లో విడుదలైంది ఆ మెరుగైన సాంబ మసూరి.

గజాల లెక్క ఇక్కడికీ వచ్చేసింది. 2024 మార్చి 27న రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకి శంకుస్థాపన జరిగింది. దానికిచ్చిన 100 ఎకరాలు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలవి. విద్యార్థులు నిరసన తెలిపారు. కోర్టుకి చోటు కావాలి, కాదనలేం. కానీ ప్రయోగాల నేలని ఇంకోచోట 'అంతే విస్తీర్ణం' ఇచ్చి భర్తీ చేయడం కష్టం. ఏ మూల ఏం వేశారో, ఎక్కడ నీరు నిలుస్తుందో ఏళ్లతరబడి తెలిసిన నేల అది. కొత్తచోట ఆ పరిచయం మళ్లీ మొదటి నుంచీ చేసుకోవాలి.

ఔటర్ మీద ఇంకాస్త ముందుకెళ్తే గచ్చిబౌలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనుంచి వెళ్లే రోడ్డుకి ప్రొఫెసర్ సి.ఆర్.రావు పేరు. రోజూ దాని మీద ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లలో ఎందరికి ఆయన తెలుసో! 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఉద్యోగం వెతుక్కుంటూ కోల్‌కతా వెళ్లారు. అది దొరకలేదు. బదులుగా భారత గణాంక సంస్థ దొరికింది. 1941 జనవరి 1న అక్కడ చేరారు. తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీకి ఆయన గురువు స్వయానా ఫిషరే. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్న ఏడాదే అమెరికాలో కన్నుమూశారు.

1940ల్లో ఆయన రూపొందించిన 'ఆర్థోగొనల్ ఎర్రేలు' పొలం నుంచి ఫ్యాక్టరీలోకి దారి వేశాయి. ఏడు అంశాలు, ఒక్కోదానికి రెండేసి స్థాయులు ఉన్నాయంటే అన్ని కలయికలూ చూడటానికి 128 ప్రయోగాలు కావాలి. ఈ పట్టికల ప్రకారం పొందిగ్గా పేరిస్తే ఎనిమిదితో సరి! ఏ రెండు అంశాల్ని తీసుకున్నా వాటి స్థాయుల జతలన్నీ సమానంగా వస్తాయి. అందుకే దేని ప్రభావం దానిదిగా విడదీయొచ్చు.

జపాన్ ఇంజినీరు గెనిచి టగుచి పేరు క్వాలిటీ విభాగాల్లో పనిచేసేవారికి పరిచయమే. 1954-55లో ఆయన కూడా కోల్‌కతా సంస్థకి వచ్చి పనిచేశారు. అంతకుముందు 1953లో, ఇనా అనే జపాన్ టైల్స్ కంపెనీలో ఒక సమస్య. బట్టీలో వేడి అన్నిచోట్లా ఒకేలా లేక టైల్స్ సైజులు తేడా వస్తున్నాయి. కొత్త బట్టీ కట్టాలంటే బోలెడు ఖర్చు. దాని జోలికి పోకుండా మట్టి మిశ్రమంలోని అంశాల్ని ఇలాంటి పట్టికతో పరీక్షించారు. సున్నం పాలు ఒక శాతం నుంచి అయిదుకి పెంచితే తేడా తగ్గిపోయింది. సున్నం చవక కూడా. సోలార్ సెల్‌ని కాల్చే కొలిమికైనా ఇదే లెక్క. వేడి, సమయం, వాయువు... ఒక్కోదాన్నీ విడివిడిగా మార్చుతూ పోతే పలకలూ రోజులూ రెండూ వృథా.

ఈ పొదుపు ఉచితంగా మాత్రం రాదు. ఇడ్లీ పిండి సంగతే తీసుకోండి. ఎన్ని గంటలు పులవాలన్నది చలికాలంలో ఒక తీరు, ఎండాకాలంలో ఇంకో తీరు. అంటే గంటల ప్రభావం వేడి మీద ఆధారపడి ఉంది. ఏడు అంశాల్ని ఎనిమిది ప్రయోగాల్లో ఇరికిస్తే ఇలాంటి జంట ప్రభావాలు వేరే అంశం ప్రభావంలో కలిసిపోయి కనబడకుండా పోతాయి. అందుకే తెలిసినవాళ్లు ఎనిమిదితో ఆపరు. పట్టిక చెప్పిన అత్యుత్తమ మిశ్రమంతో తొమ్మిదో బట్టీ కూడా కాల్చి, అనుకున్న ఫలితం వచ్చాకే లైను మారుస్తారు.