ఏనుగు వచ్చిన ఊరు, ఖర్జూరం నాటిన ఊరు

మొన్న వేసవిలో మా అబ్బాయిని చూడబోయి, జర్మనీలో ఆహెన్, అటుపై స్పెయిన్‌లో కార్డోబా చూచి వచ్చాము. ఆ రెండు ఊళ్ళ ముచ్చట నాలుగు మాటలలో పాఠకులకు చెప్పుకోవాలని ఉన్నది.

ఆహెన్‌లో షార్లమేన్ చక్రవర్తి కట్టించిన ప్రార్థనామందిరం ఎనిమిది పలకల మండపం. తల ఎత్తి చూచి చూచి మా మెడలు పట్టివేసినవి. స్తంభాలను రోము, రవెన్నా నగరాలనుండి తెప్పించారట. 800వ సంవత్సరం క్రిస్మస్ నాడు రోములో పోపు చేతిమీదుగా కిరీటం ధరించిన ఆ ప్రభువు 814లో మరణించి ఇక్కడనే సమాధి అయినాడు.

ఈ ఊరికి 802లో ఒక ఏనుగు వచ్చింది. పేరు అబుల్ అబ్బాస్. పంపినవాడు బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్. దానిని తీసుకొని వచ్చినవాడు ఇసాకు అనే యూదుడు. అతనితో వెళ్ళిన రాయబారులిద్దరూ తిరుగుదారిలోనే కాలం చేశారు. క్రైస్తవ చక్రవర్తికి ముసల్మాను ఖలీఫా ఇంత బహుమానం ఎందుకు పంపినట్లు?

కార్డోబా వెళ్ళిన తరువాత సంగతి కొంత బోధపడింది. 750లో అబ్బాసీలు ఉమయ్యా వంశాన్ని కూలద్రోసి, దొరికినవారిని దొరికినట్లు చంపించారు. తప్పించుకొన్న యువకుడు అబ్దుర్ రహమాన్ పారిపోయి వచ్చి 756లో ఇక్కడ రాజ్యం స్థాపించాడు. ఆ వంశం బాగ్దాదుకు పాత పగ, షార్లమేనుకు సరిహద్దు పోరు. పొరుగువాడు శత్రువు, వాని ఆవలివాడు మిత్రుడు అని మన కౌటిల్యుడు చెప్పనే చెప్పాడు గదా!

ఇంతకూ ఏ రాజ్యం గొప్పది? సిరిలో బాగ్దాదుకు సాటి లేదు. 762లో వెలసిన ఆ నగరంలో పన్నులకు, సైన్యానికి వేరువేరు కచ్చేరీలు, నాణెములతో జీతాలు, వ్రాతకు కాగితం ఉండేవి. షార్లమేను వద్ద బంగారు నాణెము అరుదు. ఒక పౌను వెండికి 240 కాసుల లెక్క. కొలువు చేసినవారికి జీతానికి బదులు భూములు. ఇంగ్లండులో ఆఫా రాజు 774 నాటి బాగ్దాదు దీనారును చూచి అరబ్బీ అక్షరాలతోనే నాణెము కొట్టించాడు. అందులో ఆయన పేరు తలక్రిందులుగా పడింది! బ్రిటిష్ మ్యూజియంలో ఆ నాణెము నేటికీ ఉన్నది.

కాని నిలకడ ఇద్దరికీ దక్కలేదు. 843లో షార్లమేను మనుమలు ముగ్గురూ ఇంటి ఆస్తివలె సామ్రాజ్యాన్ని పంచుకొన్నారు. 945 నాటికి బాగ్దాదులో పెత్తనం బువైహీ సేనానులది, ఖలీఫాది పేరు మాత్రం. భూములిచ్చిన రాజ్యం భూములు పట్టినవారి చేతిలోను, జీతాలిచ్చిన రాజ్యం జీతగాండ్ర చేతిలోను చిక్కినవి.

కార్డోబా మసీదులో నేటికి 850కి పైగా స్తంభాలు ఉన్నవి. తొలి భాగంలోనివి పాత రోమను కట్టడాలనుండి తెచ్చినవే. అవి పొట్టివి గనుక ఒక వంపుమీద మరొక వంపు నిలిపి కప్పు ఎత్తారు. అక్కడ షార్లమేను, ఇక్కడ అబ్దుర్ రహమాన్, ఇద్దరూ ఒకే రోము శిథిలాలమీద తమ ఇల్లు నిలిపినవారే. 1236లో ఈ మసీదు కూడా చర్చి అయింది.

అబ్దుర్ రహమాన్ తన తోటలో ఖర్జూరపు చెట్టు నాటించి, నీవూ నావలెనే పుట్టిననేలకు దూరమైతివని దానితో చెప్పుకొంటూ పద్యం అల్లాడని ప్రతీతి. ఆయన మరల సిరియా చూడలేదు. మనుమలు, మునిమనుమలు కార్డోబానే తమ ఊరనుకొన్నారు.

మసీదు ముంగిట నారింజచెట్ల నీడను కూర్చున్నప్పుడు ఈ కథ చెబితే, జర్మనీలో పుట్టిన మా మనుమడు, “తాతా, మన ఊరేది?” అని అడిగాడు. షోలాపూరు అన్నాము. మా తాతగారినే అడిగి ఉంటే కరీంనగరం జిల్లాలోని తమ పల్లె పేరు చెప్పేవారు. వాడు మాత్రం నవ్వి, “మరి నాది?” అన్నాడు.