పాట... పలహారం... మద్రాసు!

‘ఇంకెప్పుడు తీసుకెళ్తావురా, పూర్తిగా చెవుడొచ్చాకా?’

నాన్న ఆ మాటన్నాక ఇక ఆగలేదు. విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన మనిషి. మద్రాసు డిసెంబరు కచేరీల గురించి పేపర్లో చదవడమేగానీ ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పుడాయనకు కుడిచెవి దాదాపు పనిచేయదు, ఎడమచెవికి మిషను. పొద్దున్నే పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి దిగాం. బస మైలాపూర్‌లోనే తీసుకున్నాం. కపాలీశ్వరుడి గుడి, టిఫిన్లు, సభలు అన్నీ అక్కడికి దగ్గరే.

మన ధనుర్మాసమే వాళ్ల మార్గళి. అప్పుడు నగరమంతా పదుల సభల్లో రోజంతా కచేరీలే. అన్నిటికీ పెద్దదిక్కు మ్యూజిక్ అకాడమీ. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతోపాటు జరిగిన సంగీత సదస్సు నుంచి 1928లో పుట్టిందది. పేరున్నవాళ్లు సాయంత్రం పాడతారు, టిక్కెట్టు కొనాలి. మధ్యాహ్నం ఎక్కువగా కుర్రకారు. చాలాచోట్ల వాటికి టిక్కెట్టుండదు. నన్నడిగితే మధ్యాహ్నాలే మేలు. ముందు వరసలో కూర్చోవచ్చు. మాకు కావలసిందీ అదే.

ఇక తిండి సంగతి. పొద్దున రాయర్ మెస్. చిన్న సందులో చిన్న హోటలు, బయట నిలబడక తప్పదు. ఇడ్లీ, పొంగలి, వడ... వాటితో గట్టి చట్నీ. దాని కోసమైనా నిలబడొచ్చు. ట్రిప్లికేన్ దాకా వెళ్లే ఓపికుంటే రత్నా కేఫ్‌లో ఇడ్లీని సాంబారులో ముంచెత్తి ఇస్తారు. అసలు సరదా మాత్రం సభ క్యాంటీన్లలోనే. అరిటాకు భోజనం, బూడిదగుమ్మడికాయతో చేసే కాశీ హల్వా, మన పెసరట్టుకు మేనబావలాంటి అడ, దానికి తోడు అవియల్. డవరాలో నురగలు కక్కే కాఫీ సరేసరి! పాట వినకుండా నేరుగా క్యాంటీన్‌కే వచ్చేవాళ్లూ ఉన్నారు.

కచేరీలో మృదంగం ఒక్కటీ వాయించే తని ఆవర్తనం మొదలైందంటే చాలామంది లేచి కాఫీకి పోతారు. పాపం, ఆ విద్వాంసుడి ఎదుటే! నేనూ లేవబోయాను. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ‘నాకు బాగా వినపడేది ఇదొక్కటేరా’ అన్నాడు.

అంటే అప్పటిదాకా పాడిన పాట? సగం వినపడలేదట. ఇంత దూరం తెచ్చింది ఇందుకా అని నాకు మనసంతా ఎలాగో అయింది.

పక్క సీట్లో ఓ పెద్దావిడ. ఒళ్లో నోటుపుస్తకం. అందులో తమిళ లిపిలో త్యాగరాజ కీర్తనలు. ఆయన తంజావూరు దగ్గర తిరువయ్యారులో ఉండి పాడుకున్నవి ఎక్కువగా తెలుగులోనే కదా! తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. మేం తెలుగు మాట్లాడుకోవడం విని ఆవిడ పుస్తకం ఇటు తిప్పి, వచ్చీరాని తెలుగులో నాన్ననడిగింది.

‘సార్, ఈ పలము... ఫలమా, బలమా?’

నాన్నకు వినపడలేదు. నేను చెవిదగ్గర గట్టిగా చెప్పి, కాగితం మీద రెండు మాటలూ రాసి చూపించాను. చరణమంతా నాతో చదివించుకుని, ‘బలమమ్మా. ఫలమైతే అర్థమే మారిపోతుంది’ అని మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. ఆవిడ నలభై ఏళ్లుగా పాడుతోందట, మాట మాటకీ అర్థం చెప్పేవాళ్లు దొరకలేదట. క్యాంటీన్‌లో ముగ్గురం కూర్చుంటే కాఫీలు చల్లారిపోయాయి. మళ్లీ చెప్పించాం. డబ్బులు ఆవిడే ఇచ్చింది, ఎంత చెప్పినా వినలేదు.

మర్నాడు మ్యూజిక్ అకాడమీలో సాయంత్రం కచేరీకి టిక్కెట్లు దొరుకుతాయేమో చూసొస్తానన్నాను. నాన్న అప్పటికే చొక్కా తొడుక్కుని, చెవిమిషను బ్యాటరీ మార్చుకుంటున్నాడు.

‘అదలా ఉంచరా. ఒంటిగంటకల్లా నిన్నటి సభకే పోదాం. ఆవిడ ఇంకో నోటుపుస్తకం తెస్తానంది.’