కవచమా, కవచధారియా? – ‘ఐరన్ మ్యాన్’ చిత్రముపై ఒక పునరవలోకనము

2008వ సంవత్సరము మే 2వ తేదీన అమెరికాలో విడుదలైన ‘ఐరన్ మ్యాన్’ చలనచిత్రము ఒక చిన్న వాక్యముతో ముగియును. విలేకరుల ఎదుట నిలిచిన కథానాయకుడు టోనీ స్టార్క్ ‘నేనే ఐరన్ మ్యాన్’ అని ప్రకటించును. ప్రేక్షకునికి అది వీరోచితమైన ముగింపు. వేదాంత శ్రవణము చేసినవానికి మాత్రము అచ్చటనే విచారణ మొదలగును. ‘నేను’ అను పదము తరువాత ఏ నామమును చేర్చినను అది ఉపాధియే గదా! అయినచో ఆ వాక్యములోని ‘నేను’ ఎవరు?

ఈ పాత్ర 1963లో ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ అను చిత్రకథా పత్రిక 39వ సంచికలో జన్మించినది. నాటి కథకు వియత్నాం యుద్ధము నేపథ్యము. చిత్ర దర్శకుడు జాన్ ఫేవ్రో దానిని ఆఫ్ఘనిస్థానమునకు మార్చెను. అప్పటికే స్పైడర్ మ్యాన్, ఎక్స్ మెన్ వంటి ప్రసిద్ధ పాత్రల చిత్రహక్కులు పరహస్తగతమై యుండుటచేత, మార్వెల్ సంస్థ మిగిలిన పాత్రల హక్కులను తాకట్టు పెట్టి, ఋణము తెచ్చి, స్వయముగా నిర్మించిన తొలి చిత్రములలో ఇది మొదటిది. ప్రపంచవ్యాప్తముగా సుమారు 58 కోట్ల డాలర్లు వసూలైనవి. పేర్ల పట్టిక ముగిసిన పిమ్మట నిక్ ఫ్యూరీ అను పాత్ర వచ్చి, ఇట్టి వీరుడు నీవొక్కడవే కాదని సూచించుటతో ఒక మహాచిత్రమాలకు బీజము పడినది. 2022లో అమెరికా గ్రంథాలయ కాంగ్రెస్ దీనిని సంరక్షింపదగిన జాతీయ చిత్రముల జాబితాలో చేర్చినది. ఇది లోకదృష్టి. సాధకుని దృష్టికి గోచరించునది మరియొకటి కలదు.

టోనీ స్టార్క్ ఆయుధ వ్యాపారి. తండ్రి నుండి సంక్రమించిన సంపద, అసామాన్యమైన మేధ, అంతులేని భోగము అతనివి. తన క్షిపణిని సైన్యమునకు ప్రదర్శించి మరలుచుండగా అతని వాహనశ్రేణిపై దాడి జరుగును. ప్రక్కన వచ్చి పడిన ఆయుధముపై అతడు చూచినది తన సంస్థ పేరే. మరుక్షణమున అది ప్రేలి, దాని శకలములు అతని వక్షస్థలమున నాటుకొనును. కర్మఫలమనగా ఆకాశమునుండి ఎవరో విధించు దండనయని తలచువారు ఈ దృశ్యమును నిదానముగా చూడవలెను. చేసినవాని ముద్రతోనే కర్మ తిరిగి వచ్చినది. పంపినది అతడే, అందుకొన్నదియు అతడే. నడుమ గడచినది కాలము మాత్రమే.

పిదప గుహ. ఉపనిషత్తులు హృదయమును గుహయని వర్ణించినవి. ఈ కథలో హృదయ సంబంధమైన చికిత్స జరిగినదియు గుహలోనే. యిన్‌సెన్ అను తోటి బందీ, శకలములు గుండెను చేరకుండ ఒక విద్యుదయస్కాంతమును అమర్చి, దానిని కారు బ్యాటరీకి కలిపి, అతని ప్రాణము నిలుపును. కుటుంబము కలదాయని యిన్‌సెన్ ప్రశ్నించినపుడు స్టార్క్ లేదనును. అన్నియు ఉండి ఏమియు లేనివాడవన్నమాట, అని యిన్‌సెన్ భావము. తప్పించుకొని పోవు వేళ అతనికై యిన్‌సెన్ తన ప్రాణమును ధారవోయును. తనవారు మునుపే మరణించిరనియు, వారిని చేరుటయే తన కోరికయనియు చెప్పి, లభించిన జీవితమును వ్యర్థము చేసికొనవద్దని కోరి కన్నుమూయును. కాషాయము లేదు, ఉపదేశ మంత్రము లేదు. అయినను గురుకార్యము నెరవేరినది.

మూడు మాసముల అనంతరము స్వదేశము చేరిన స్టార్క్, తన సంస్థ ఇకపై ఆయుధములు చేయదని ప్రకటించును. ఇది వైరాగ్యమా? ఇచ్చట శీఘ్రముగా అవునని చెప్పరాదు. ఆయుధ నిర్మాణమును విడిచినవాడు ఇంటి అడుగుభాగముననున్న కర్మశాలలో ఏకాంతముగా కూర్చుండి నిర్మించినది ఏది? మునుపటి వాటన్నిటికంటె తీక్ష్ణమైన ఆయుధము. భేదమొక్కటే: ఇప్పుడు ఆ ఆయుధము తానే. వాసన నశింపలేదు, దిశ మారినది. దుఃఖితులైన గ్రామీణులను రక్షించుట నిశ్చయముగా ధర్మమే. మలిన వాసన శుభ వాసనగా మారుట సాధనలో గొప్ప సోపానమే. కాని అది సోపానము, శిఖరము కాదు.

తైత్తిరీయోపనిషత్తు అన్నమయము మొదలుకొని ఆనందమయము వరకు అయిదు కోశములను చెప్పినది. స్టార్క్ వాటిపై లోహమయమైన ఆరవదానిని తొడుగుకొన్నాడు. కోశములన్నిటికి ఒకటే స్వభావము: తొడుగుకొనుట సులభము, విడుచుట కష్టము. చిత్రములో ఒక హాస్యఘట్టము దీనికి చక్కని దృష్టాంతము. యుద్ధమునుండి మరలిన స్టార్క్ శరీరమునుండి సొట్టలు పడిన కవచమును యంత్రహస్తములు ఊడదీయలేక సతమతమగుచుండగా, అతడు నొప్పితో విలవిలలాడును. అంతలో సహాయకురాలు పెప్పర్ వచ్చి నిర్ఘాంతపోవును. ముప్పదియేండ్లు ఒక పదవిలోనుండి విరమించిన పిమ్మట, ఇంటిలో సైతము అధికారివలెనే మాటలాడు గృహస్థుని అవస్థ దీనికి భిన్నమైనది కాదు. పదవి పోయినది, కవచము పోలేదు.

సాధకునికి ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాదము కలదు. చివరి సభలో స్టార్క్ చేతికి ఒక సిద్ధవాక్యము ఇయ్యబడును: ఆ కవచధారి తన అంగరక్షకుడని చెప్పవలెను. అది అసత్యము. అతడు దానిని ప్రక్కన పెట్టి సత్యమునే పలుకును. సత్యము పలికినందుకు అతడు ప్రశంసనీయుడు కాడా? వ్యవహారదశలో తప్పక ప్రశంసనీయుడే. కాని ఆ సత్యవాక్యమునందే కీర్తికాంక్షయు కూర్చుండియున్నది. సత్యము, అహంకారము ఒకే వాక్యమున ఒదిగియుండగలవు. ఈ సంగతి ఎరుగకపోవుటయే సజ్జనునికి ఎదురగు చిక్కు. పాపమును విడిచినవాడు విడిచితినను అభిమానమును విడువడు. అన్నదానము చేసి శిలాఫలకముపై తన పేరు వెదకుకొనును. నిత్యము జపము చేసి, చేయనివారిని జాలితో చూచును. దుర్మార్గుని అహంకారమును లోకము ఖండించును గనుక దానికి చికిత్స కలదు. ధార్మికుని అహంకారమును లోకము పూజించును. దానికి ఔషధము ఎవరిత్తురు?

మహాభారతమున కర్ణుడు సహజ కవచముతో జన్మించి, యాచించిన ఇంద్రునికై దానిని తన దేహమునుండి కోసి ఇచ్చినాడు. స్టార్క్ కవచము లేక జన్మించి దానిని నిర్మించుకొన్నాడు. ఒకనికి ప్రాప్తించినది, ఒకడు సంపాదించినది. ఉభయులకును పరీక్ష ఒకటే – అడిగిన క్షణమున ఈయగలడా? కర్ణుడు ఈయగలిగెను, అయినను దాతయను కీర్తిని మాత్రము విడువలేకపోయెను. స్టార్క్ పరీక్ష పదునొకండు సంవత్సరముల తరువాత, 2019లో వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ చిత్రమునందు జరిగినది. అచ్చట అతడు అదే వాక్యమును మరల పలికి, సమస్త జీవుల రక్షణకై ప్రాణము నర్పించును. పదములు మారలేదు. మొదటిసారి ఆ వాక్యముతో ఒక పేరును గ్రహించినాడు. రెండవసారి ఆ వాక్యముతో దేహమునే విడిచినాడు. వాక్యమున దోషము లేదు, గుణము లేదు. పలికించు భావమునందే అన్నియు కలవు. దీనిని మోక్షమనుట అతిశయోక్తి యగును. భోగిగా మొదలై త్యాగిగా ముగిసిన జీవయాత్ర యనుట యుక్తము.

తల్లి, తండ్రి, ఉద్యోగి, భక్తుడు, పండితుడు – ఈ కవచములు లేక లోకవ్యవహారము సాగదు. ధరింపవద్దని శాస్త్రమును చెప్పదు. రాత్రి నిద్రకు ముందు కొన్ని క్షణములు సాధకుడు వానిని ఒక్కొక్కటిగా మనస్సులో విప్పి చూడవలెను. ఏది ఊడుటకు నొప్పి పెట్టుచున్నదో గమనింపవలెను. ఆ నొప్పియున్న చోటనే ఆత్మవిచారము ప్రారంభింపదగును. చివరకు ‘నేను సాధకుడను’ అను కవచమును సైతము విప్పవలసియున్నది; అన్నిటికంటె గట్టిగా అంటుకొని యుండునది అదియే.

స్వస్తి.