నేర్చుకునే రోజుల కూలి ఎవరిది?

ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల మీద రాసి పంపమని పత్రిక వాళ్లు చెప్పారు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన ఆ గుళ్ల గురించి, జోగులాంబ గురించి పండితులు ఇప్పటికే చాలా రాశారు. నన్ను నిలబెట్టేసింది కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవలసిన గుడి అది. రాళ్లకు అంకెలు వేసి, విప్పి, ఆలంపూర్‌కు తెచ్చి, ఏ రాయి మీద ఏ రాయి ఉండేదో ఆ వరసలోనే మళ్లీ నిలబెట్టారు. చూస్తే చేతులు జోడించాలనిపించే పని. అదే నీళ్లలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ ఉద్యోగం కోసం చూసి చూసి ఎందరికో వయసు దాటిపోయింది. అన్నేళ్ల నిరీక్షణలో ఆ ఇళ్ల పిల్లల చేతికి ఒక పని నేర్పించాలన్న ఆలోచన మాత్రం ఉద్యోగం మాటంత గట్టిగా ఎన్నడూ వినపడలేదు. పని ఇవ్వడం వరకే యజమాని బాధ్యత, పని నేర్చుకుని రావడం పిల్లల బాధ్యత అన్న నమ్మకం ఈ నేల మీద చిన్న సావుకారు నుంచి సర్కారు దాకా ఒకేలా ఉంది. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే గుళ్లను పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

తుంగభద్ర ఒడ్డున పడమరగా వెళితే రాజోలి. 2009 అక్టోబరు వరదల్లో దారుణంగా దెబ్బతిన్న నేతగాళ్ల ఊరు. గద్వాల చీర అని దేశమంతా పిలిచే చీరలను నేసే ఊళ్లలో ఇదొకటి. ఆ చీరకు ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు పేక, పట్టు పేక వేరువేరు నాడెల్లో నడుస్తాయి; ప్రతి పోగు దగ్గరా ఆ రెండూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకోవాలి. దాన్ని కుప్పడం అంటారు. మెలిక వదులైతే అంచు దగ్గర సందు కనిపిస్తుంది, బిగిస్తే బట్ట ముడుచుకుపోతుంది. ఎంత లాగాలో వేలికి తెలియాలి తప్ప నోటితో చెబితే రాదు. నేసేవాళ్ల చెయ్యి ఆ చోట ఆగదు, తడబడదు, కళ్లు కూడా ప్రతిసారీ అటు తిరగవు. అలాంటి చెయ్యి తయారు కావడానికి నెలలు సరిపోవు. ఇక ఈ ప్రాంతంలో మగ్గాలు నేయించే సావుకార్ల నోట ఎప్పుడూ ఉండే ఫిర్యాదు ఒకటుంది: ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు, మగ్గం గుంటలో కూర్చోమంటే కర్నూలుకో హైదరాబాద్‌కో పోతారు అని. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎందుకంటే లెక్క చూస్తే ఓపిక లేనిది పిల్లలకు కాదు.

నేత కూలి చీరకు ఇంత అని ఇస్తారు. రోజుకు ఇంత అని కాదు. చేయి తిరిగినవాళ్లు దించే పడుగును కొత్తగా నేర్చుకునే కుర్రాడు అంతకు రెండు మూడింతల కాలానికి గానీ దించలేడు. దించినా తప్పులు పడతాయి, తప్పు పడ్డ చీరకు కూలి కోత పడుతుంది. అంటే నేర్చుకునే కాలమంతా ఖర్చు ఆ కుర్రాడి ఇంటిదే. నూలూ పట్టూ సావుకారువి, డిజైనూ ఆయనదే, చీరా ఆయనదే. చెయ్యి తయారయ్యే ఖర్చు మాత్రం అమ్మానాన్నలది. తాతల కాలంలో ఇది చెల్లింది. కుర్రాడికి వేరే దారి లేదు, ఇంట్లో ఉన్న మగ్గమే లోకం. ఇప్పుడు ఆలంపూర్ చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే తుంగభద్ర అవతలే కర్నూలు. అక్కడ ఏ దుకాణంలో చేరినా మొదటి నెలే జీతం వస్తుంది. ఏడాది పాటు చేతికి పెద్దగా ఏమీ రాని పనిని వదిలి, మొదటి నెలే చేతికి వచ్చే పనికి పోవడం ఓపిక లేకపోవడం ఎలా అవుతుంది? ఆ స్థానంలో సావుకారు కొడుకున్నా అదే చేస్తాడు.

యజమాని నేర్పించడం ఈ నేలకు తెలియని సంగతి కాదు. గద్వాల సంస్థానం రోజుల్లో ఇక్కడి నేతగాళ్లను కాశీకి పంపి, అక్కడి జరీ పనితనం నేర్పించి తెచ్చారని గద్వాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేతగాడు నెలల తరబడి మగ్గానికి దూరంగా ఉంటే ఇల్లు ఎలా గడవాలన్నది పంపినవాళ్లు ఆలోచించే ఉంటారు. ఈ రోజు గద్వాల చీర పేరు చెప్పుకుని బతికే ప్రతి వ్యాపారీ ఆ పెట్టుబడి మీద వడ్డీ తింటున్నాడు. ఆ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అది పేరును కాపాడుతుంది, చేతిని కాదు.

నడిగడ్డలో మరో యజమాని ఉన్నాడు. అతడి సంగతి చెప్పకపోతే ఈ వాదన సగమే. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ తొలి సంకర పత్తి రకాన్ని వాణిజ్యానికి తెచ్చిన తర్వాత, చేతితో క్రాసింగ్ చేసి విత్తనం తీసే సాగు వచ్చింది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఈ నడిగడ్డ ఆ సీడ్ పత్తికి పెద్ద కేంద్రమైంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలో పుప్పొడి భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దాలి. ఒక్కో మొగ్గా చేతిలో పట్టుకోవాల్సిందే. బడులు నడిచే నెలల్లోనే ఈ పని. ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో ఈ పొలాల్లో చిన్నపిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఎంత పెద్ద సంఖ్యలో పనిచేశారో పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు బయటపెట్టాయి. తల్లిదండ్రులకు ముందుగానే అడ్వాన్సు ఇచ్చి పిల్లలను కట్టేసుకునేవారు. చిన్న వేళ్లు మొగ్గకు సరిపోతాయన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ తర్వాత ఉద్యమాలూ చట్టాలూ వచ్చాయి, కంపెనీలు నిబంధనలు పెట్టుకున్నాయి. కానీ నేను మరచిపోలేని విషయం ఇది: పదేళ్ల పిల్లకు నైపుణ్యం లేదని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు. బడి పోగొట్టుకుని ఆ పిల్ల పద్దెనిమిదేళ్లకు వచ్చాక మాత్రం, మా పనికి తగిన నైపుణ్యం లేదని ఏ కంపెనీ గేటు దగ్గరైనా అంటారు. ఆ నైపుణ్యం లేకుండా చేసిన పొలమూ ఒక యజమానిదే.

యజమానుల వైపు మాటలూ ఉన్నాయి. నేర్పించిన కుర్రాడు రేపు పక్క సావుకారు దగ్గర చేరితే నా డబ్బు ఏమవుతుంది అంటారు. న్యాయమైన భయమే. అందరూ అలా భయపడి ఎవరూ నేర్పించకపోతే, పదేళ్లకు లాక్కోవడానికి కూడా చెయ్యి మిగలదు. జర్మనీలో పరిశ్రమలు కుర్రాళ్లను పనిలో పెట్టుకుని, వేతనం ఇస్తూ, వారంలో కొంత బడికి పంపి తయారు చేస్తాయి. కుర్రాడు వేరే చోటికి వెళ్లే వీలు అక్కడా ఉంది. నేర్పించే సంస్థలు చాలా ఉన్నాయి కాబట్టి ఏ ఒక్కటీ మునగదు. ఇక, పది మగ్గాలు నడిపే చిన్నవాడికి అంత తాహతు లేదన్నది రెండో మాట. నిజం. అందుకే ఆ భారం ఒక్కడి మీద కాక, చీర ధర మీద పడాలి. మూడో మాట బరువైనది: పాతకాలపు నేర్పు పేరుతో పిల్లలను మళ్లీ మగ్గం గుంటలోకి దించమంటారా అని. దించమనడం లేదు. 2016 చట్ట సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటూనే, బడి వేళలు కాని సమయంలో ఇంటి వృత్తికి సాయపడవచ్చని సందు వదిలింది. యజమానికి ఖర్చు లేకుండా చేతులు తయారవడానికి ఆ సందు ఉపయోగపడుతుంది. నేను అడిగేది బడి ముగించి, పద్దెనిమిది నిండి, ఏ కులంవారైనా ఇష్టపడి వచ్చేవాళ్ల గురించి.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ఇలాంటి వాళ్ల కోసమే పుట్టింది. ముప్పై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ తప్పనిసరిగా అప్రెంటిస్‌లను తీసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. 2016లో వచ్చిన పథకం కింద అందులో నాలుగో వంతు, నెలకు 1500 రూపాయల వరకు, కేంద్రం భరిస్తుంది. కానీ సావుకారు మగ్గాలు ఊరంతా ఇళ్లలో ఉంటాయి. ముప్పై ఇళ్లలో నేయించినా కాగితం మీద ఆయనకు ఒక్క ఉద్యోగీ లేడు. చట్టం ఆయన గడప దాకా రాదు. 2024లో హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో చేనేత సాంకేతిక సంస్థ వచ్చింది, సంతోషం. అక్కడి డిప్లొమాతో రాజోలి మగ్గం మీద కుప్పడం చెయ్యి తయారు కాదు; అది రాజోలిలోనే, నేసేవాళ్ల పక్కన కూర్చునే తయారు కావాలి.

చేనేత, జౌళి శాఖ చేయగలిగిన పని ఒకటుంది. గద్వాల చీర పేరుతో అమ్మే ప్రతి చీర మీదా కొంత మొత్తాన్ని వ్యాపారి నుంచి వసూలు చేసి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి ఏడాది రోజుకూలిగా, పక్కన కూర్చుని నేర్పించేవాళ్లకు విడి కూలిగా ఇవ్వాలి. ఆ నిబంధన తెచ్చే వరకు, పిల్లలకు ఓపిక లేదనే మాట అనే హక్కు ఇక్కడి ఏ యజమానికీ లేదు.