దర్శి కల్లంలో రక్తపిశాచి!

ఒంగోలు నుంచి దర్శి వెళ్తుంటే ఫిబ్రవరిలో ఎటుచూసినా మిరప కల్లాలే. ఎర్రగా పరిచిన కాయలు, పక్కనే కాపలా మంచాలు... రక్తపిశాచి బొమ్మ చూడ్డానికి ఇంతకంటే మంచి చోటుందా, చెప్పండి!

మా బావమరిది కల్లంలో, ఫోన్లో చూశాం రాబర్ట్ ఎగ్గర్స్ తీసిన 'నోస్ఫెరాటు' (2024). 1922లో మూర్నౌ తీసిన మూకీకి ఇది కొత్త అవతారం. ఆ మూకీని 'డ్రాకులా' నవల నుంచి అనుమతి లేకుండా తీశారు. రచయిత స్టోకర్ భార్య కోర్టుకెక్కితే, ప్రింట్లన్నీ నాశనం చెయ్యమన్నారు. అయినా చావలేదు. పిశాచం కదా! 1979లో హెర్జోగ్ కూడా తీశాడు.

కొత్తదాన్ని విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఆ వెన్నెల, కొవ్వొత్తుల వెలుగు, మంచు... ఛాయాగ్రహణంతో సహా నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, చేతికొచ్చింది మాత్రం సున్నా. పెదవి విరిచినవాళ్లేమో అందం ఉంది, ప్రాణం లేదన్నారు.

మావాడిది ఈ రెండో జట్టు. "చీకటి చూపిస్తే భయమేస్తుందా బావా? రోజూ చీకట్లోనేగా పడుకునేది!"

అంతలో పడమట మెరిసింది. ఫోన్ పారేసి పట్టలు లాగడానికి పరిగెత్తాడు. తడిస్తే కాయంతా తాలు! నేనూ ఓ కొస పట్టుకున్నా. నాలుగు చినుకులు పడి ఆగింది.

నా ఓటు మాత్రం సినిమాకే. ఎలెన్‌గా లిలీ-రోజ్ డెప్ వణుకుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు జబ్బనుకుంటారే, అక్కడుంది అసలు భయం. అరచేతి తెరమీద అది సగం కూడా అందదు. మన దేశంలో విడుదలైంది 2025 జనవరి 10న. ఆ రోజే 'గేమ్ ఛేంజర్'! సంక్రాంతి సీజన్లో పిశాచానికి హాలెవరిస్తారు?